వ్యసనం నుంచి బయటపడేవాళ్ళకి తోడు గ్రూపు: మొదలుపెట్టడం, నిలబెట్టడం

తోడు గ్రూపు అంటే ఒకే రకం కష్టంలో ఉన్నవాళ్ళూ, ఆ కష్టం దాటి వచ్చినవాళ్ళూ వారానికోసారి ఒక గదిలో కూర్చుని ఒకరి మాట ఒకరు వినడం. అక్కడ డాక్టరు ఉండరు, ఫీజు ఉండదు, ఎవరూ ఎవరికీ పాఠం చెప్పరు. తాగుడు, మత్తుమందులు, జూదం మానాలనుకునేవాళ్ళకీ, అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళకీ, అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళకీ ఈ పద్ధతి పనికొస్తుంది. నడపడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ కొన్ని సంగతులు మాత్రం కచ్చితంగా తెలిసుండాలి. వాటిలో కొన్ని ప్రాణాలకి సంబంధించినవి.

ఇలాంటి గ్రూపులు ఎక్కువగా రెండు కారణాలతో మూతపడతాయి. ఒక వారం మీటింగ్ ఉండి ఇంకో వారం లేకపోవడం మొదటిది. వినేవాళ్ళకన్నా సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువైపోవడం రెండోది. కింద చెప్పే ఏర్పాట్లలో సగానికి పైగా ఈ రెండింటినీ జరగనివ్వకుండా చూసేవే.

ఈ పద్ధతికి మూలం ఎక్కడుందో తెలిస్తే నడిపే తీరు సులువుగా అర్థమవుతుంది. 1935లో బిల్ విల్సన్ అనే అమెరికన్, అప్పటికి కొన్ని నెలలుగా తాగడం మానేసినవాడు, ఆక్రన్ అనే ఊరికి వ్యాపారం పని మీద వెళ్ళాడు. పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉండగా మళ్ళీ తాగాలనిపించింది. బార్‌లోకి వెళ్ళకుండా వరసగా ఫోన్లు చేసి, తనలాగే తాగుడుతో బాధపడుతున్న మరో మనిషిని వెతుక్కున్నాడు. అలా దొరికిన మనిషి సర్జన్ బాబ్ స్మిత్. వాళ్ళిద్దరూ మొదలుపెట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. విల్సన్ ఆ ఫోన్లు చేసింది ఎదుటివాణ్ణి ఉద్ధరించడానికి కాదు, ఆ రాత్రి తాను నిలబడడానికి. మీ గ్రూపులో కూడా సాయం చేసేవాళ్ళు ఒక వైపు, పుచ్చుకునేవాళ్ళు ఒక వైపు అనే గీత ఉండకూడదు.

తర్వాత అదే దారిలో తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం అల్-అనాన్ (1951), మత్తుమందుల వాడకానికి నార్కోటిక్స్ అనానిమస్ (1953), జూదానికి గ్యాంబ్లర్స్ అనానిమస్ (1957) వచ్చాయి. వీటిలో ఉండే దైవశక్తి ప్రస్తావన లేకుండా, ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతుల మీద నడిచే స్మార్ట్ రికవరీ 1994లో మొదలైంది. మీకు అందుబాటులో వీటిలో ఏదైనా ఉంటే ముందు అక్కడికి వెళ్ళి కొన్ని మీటింగులు కూర్చోండి. చాలావాటికి ఆన్‌లైన్ మీటింగులు కూడా ఉన్నాయి. దగ్గర్లో లేకపోయినా, మీవాళ్ళకి అది నప్పకపోయినా అప్పుడు కొత్తది పెట్టుకోవచ్చు. ఇదంతా ఉత్త ఓదార్పేనా అని అడిగేవాళ్ళకి ఒక సమాధానం ఉంది. 2020లో వైద్య పరిశోధనలని కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలని, వాటిలోని 10,000 మందికి పైగా మనుషుల వివరాలని కలిపి చూసింది. మనుషుల్ని ఆల్కహాలిక్స్ అనానిమస్ వైపు పద్ధతిగా నడిపించిన చికిత్సలు, మందు పూర్తిగా మానేసి ఉండే విషయంలో, పేరున్న ఇతర మానసిక చికిత్సలకి ఏమాత్రం తీసిపోలేదు, కొంత మెరుగ్గానే పనిచేశాయి.

ముగ్గురు మనుషులు, ఒక గది, మారని వేళ

ఒక్కరే మొదలుపెట్టొద్దు. ఇద్దరు తప్పనిసరి, ముగ్గురైతే మేలు. ఒకరికి జ్వరం వస్తే తలుపు తెరిచేవాళ్ళుండాలి. మీటింగ్ మధ్యలో ఎవరైనా తట్టుకోలేక బయటికి వెళితే ఒకరు వాళ్ళ వెంట వెళ్ళాలి, ఇంకొకరు గదిలో ఉండాలి. ఈ ముగ్గురిలో కనీసం ఒకరు ఆ కష్టం స్వయంగా అనుభవించి, ఏడాది పైగా నిలదొక్కుకున్నవాళ్ళయితే మంచిది. తాగేవాళ్ళ గ్రూపుని తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళు నడపడం అంతగా కుదరదు. వాళ్ళ బాధ నిజమే, కానీ ఆ గదిలో అది నేరారోపణలా వినిపిస్తుంది. వాళ్ళకి వేరే గంట, వేరే గది కావాలి.

గది ఎవరి ఇంట్లోనూ వద్దు. ఇంటివాళ్ళకి పనిపడితే మీటింగ్ ఆగిపోతుంది, పైగా ఆ ఇంటికి వచ్చీపోయేవాళ్ళని చుట్టుపక్కలవాళ్ళు లెక్కపెడతారు. లైబ్రరీ, బడి, కమ్యూనిటీ హాలు, ఆసుపత్రిలో ఖాళీగా ఉండే గది అడిగి చూడండి. ప్రార్థనా స్థలంలో దొరికితే తీసుకోవచ్చు కానీ, ఏ మతం వాళ్ళైనా, ఏ నమ్మకం లేనివాళ్ళైనా రావచ్చని పిలుపులోనే రాయాలి. గదికి మూసుకునే తలుపు ఉండాలి, మాట బయటికి వినిపించకూడదు, బాత్రూం దగ్గర్లో ఉండాలి. కుర్చీలు గుండ్రంగా వేయండి, మధ్యలో బల్ల వద్దు. వచ్చేవాళ్ళ లెక్కకి రెండు కుర్చీలు ఎక్కువే ఉంచండి. ఆలస్యంగా వచ్చిన కొత్త మనిషి కుర్చీ కోసం వెతుక్కుంటూ నిలబడితే, వెనక్కి వెళ్ళిపోవడానికి ఆ అరనిమిషం చాలు.

మీటింగ్ జరిగే రోజునీ వేళనీ ఒకసారి పెట్టాక మార్చొద్దు. పండగ రోజు మీటింగ్ ఎత్తేస్తుంటారు. అదే పెద్ద పొరపాటు, పండగ రోజే చాలామందికి ఒంటరితనం, తాగే అవకాశం రెండూ ఎక్కువ. జీతాలు వచ్చే రోజుల్లో, వారాంతం సాయంత్రాల్లో కూడా అంతే. ఎవరూ రాకపోయినా తలుపు తెరిచి అరగంట కూర్చోండి. మొదటి మూడు నెలలు ఇద్దరు ముగ్గురే రావడం మామూలే. ఒక మనిషి పేపరు మీద చూసిన వేళని మనసులో పెట్టుకుని ఎన్నో వారాలు తటపటాయించి చివరికి వస్తాడు. ఆ రోజు తాళం కనిపిస్తే మళ్ళీ రాడు.

ఆరు నుంచి పది మంది ఉంటే మీటింగ్ బాగా నడుస్తుంది. 90 నిమిషాల మీటింగ్‌లో మొదలుకీ ముగింపుకీ 25 తీసేస్తే 65 మిగులుతాయి, పదిమందికి తలా ఆరున్నర నిమిషాలు. పన్నెండు దాటితే ఐదు నిమిషాలే పడతాయి, అప్పుడు బెరుకుగా ఉండేవాళ్ళు నోరు విప్పరు.

అన్ని కష్టాలూ ఒకే గదిలో పెట్టొచ్చా? తాగుడు, మత్తుమందులు, జూదం కలిసి కూర్చోవచ్చు, కోరిక పుట్టే తీరూ దాన్ని దాచే తీరూ ఒకటే. ఇటీవలే మనిషిని పోగొట్టుకున్నవాళ్ళని మాత్రం వేరుగా కూర్చోబెట్టండి. ఆ పచ్చి దుఃఖంలో ఇంకొకరి తాగుడు కథ వినే ఓపిక ఉండదు, ఉండాలని అడగడం న్యాయమూ కాదు. కొట్టినవాళ్ళూ దెబ్బలు తిన్నవాళ్ళూ ఎప్పుడూ ఒకే మీటింగ్‌లో ఉండకూడదు.

తలుపు తెరిచే ముందు తెలిసుండాల్సిన ప్రమాదాలు

"ఈ రోజు నుంచే మానేస్తా" అని ఎవరైనా లేచి చెబితే గదంతా చప్పట్లు కొడుతుంది. కొట్టే ముందు ఒక మాట అడగాలి: "పొద్దున్నే తాగకపోతే చేతులు వణుకుతాయా?" రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లోపు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది: లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, ఒళ్ళు కాలిపోతుంది. ఇది చికిత్స లేకపోతే చంపేసే జబ్బు. మందు ఆగిన రెండో రోజుకి తేరుకుంటున్నట్టు కనిపించి మూడో రోజు ఇలా కావచ్చు, అందుకే ఇంట్లోవాళ్ళు ఏమరుపాటులో ఉంటారు.

కాబట్టి పొద్దున్నే తాగితే గానీ వణుకు తగ్గనివాళ్ళు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్ళు, మతి తప్పినవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలోనే ఆపాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా వాళ్ళని ఉన్నపళంగా ఆపమని గ్రూపు ఒత్తిడి చేయకూడదు. ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్తారో, ఎప్పుడు వెళ్తారో ఆ మీటింగ్‌లోనే తేల్చేయండి. నిద్రమాత్రలు, ఆందోళనకి వాడే ఆల్‌ప్రజోలామ్, డయాజెపామ్ లాంటివి నెలల తరబడి వేసుకుంటున్నవాళ్ళకీ ఇదే జాగ్రత్త. వాటిని వారాల మీద, కొన్నిసార్లు నెలల మీద, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి.

హెరాయిన్, మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి మత్తుల్లో ప్రమాదం వేరే చోట ఉంది. మానినప్పుడు ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం నరకంలా ఉంటాయి. నీళ్ళు తగ్గకుండా చూసుకుంటే సాధారణంగా ప్రాణం పోదు. కానీ కొన్ని వారాలు మానాక శరీరం ఆ మోతాదుకి అలవాటు తప్పుతుంది. పాత మోతాదే మళ్ళీ తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. చికిత్స కేంద్రం నుంచో, జైలు నుంచో బయటికి వచ్చిన మొదటి రెండు వారాలు అత్యంత ప్రమాదకరం. ఈ ఒక్క సంగతి ప్రతి కొత్త మనిషికీ చెప్పండి. వాళ్ళు మళ్ళీ వాడతారని అనుమానించి కాదు, ఒకవేళ వాడితే చచ్చిపోకూడదని.

మనిషి పిలిస్తే పలకడం లేదు, పెదాలు నీలంగా ఉన్నాయి, గురకలాంటి శబ్దంతో ఊపిరి అడపాదడపా తీస్తున్నాడు, కంటిపాప సూదిమొనంత అయింది. ఇవి మోతాదు మించిన గుర్తులు. ముందు అంబులెన్స్ పిలవండి. నల్లమందు జాతి మత్తుని విరిచేసే నాలోక్సోన్ అనే మందు దొరికే చోట దాన్ని గదిలో ఎప్పుడూ ఉంచుకోండి. ఇచ్చాక రెండు మూడు నిమిషాల్లో ఊపిరి పుంజుకోకపోతే ఇంకో డోసు ఇవ్వాలి. ఈలోపు నోటితో ఊపిరి ఇవ్వడం వచ్చినవాళ్ళు ఇస్తూనే ఉండాలి. నాలోక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాలే. లేచి కూర్చుని "బానే ఉన్నా, ఇంటికి పోతా" అన్నా పంపొద్దు, నాలోక్సోన్ ప్రభావం తగ్గాక మళ్ళీ ఊపిరి పడిపోవచ్చు. మద్యం ఎక్కువై పడిపోయినవాళ్ళని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాఫీ పట్టించడం, చన్నీళ్ళు పోయడం, "నిద్రపోతే అదే దిగుతుంది" అని ఒంటరిగా వదిలేయడం, ఈ మూడూ చేయకూడనివి.

ఇంకొకటి. తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రని ఇంట్లోవాళ్ళు తెలియకుండా ఆహారంలో కలిపి పెట్టడం ఇప్పటికీ జరుగుతోంది. ఆ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి మనిషి చనిపోవచ్చు. ఎవరైనా ఆ ఆలోచన బయటపెడితే అక్కడే, గట్టిగా, వద్దని చెప్పండి. గ్రూపులో మామూలుగా ఏ మాటైనా మెత్తగానే చెప్పాలి, ఇక్కడ మాత్రం మినహాయింపు.

90 నిమిషాలు ఎలా గడవాలి

మొదటి పది నిమిషాలు జనం చేరడానికి. కొత్తవాళ్ళని తలుపు దగ్గరే ఒకరు పలకరించి పక్కన కూర్చోబెట్టుకోవాలి. పేరు అడగండి, ఇంటిపేరు అడగొద్దు, ఊరూ ఉద్యోగం అసలే అడగొద్దు. తర్వాత ఐదు నిమిషాలు నియమాలు చదవాలి. ప్రతి వారం వేరేవాళ్ళు చదవాలి, నడిపేవాళ్ళే చదువుతుంటే అవి వాళ్ళ సొంత నియమాల్లా వినిపిస్తాయి. ఒక పేజీ దాటకుండా, ఇలా ఉంటే సరిపోతుంది:

"ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేస్తాం. ఇక్కడ ఎవరిని చూశామో కూడా బయట చెప్పం. ఎవరి ప్రాణానికైనా, పిల్లలకైనా ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం, వీలైనంతవరకు ఆ మనిషికి చెప్పే సాయం పిలుస్తాం. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో రాం. అడగనిదే సలహా ఇవ్వం. మాట్లాడాలని లేకపోతే 'ఈ రోజు వింటాను' అంటే చాలు. ఎంత తాగాం, ఏది వాడాం, ఎక్కడ దొరుకుతుంది అనే వివరాలు చెప్పం. తాగి వచ్చినవాళ్ళు అల్లరి చేయనంతవరకు కూర్చోవచ్చు, ఆ రోజు మాట్లాడరు. ఒకరి దగ్గర ఒకరు డబ్బు తీసుకోం. డాక్టరు రాసిన మందులు ఎవరినీ మానమనం."

ఆఖరి వాక్యం తీసేయొద్దు. హెరాయిన్ లాంటివి మానడానికి డాక్టర్లు ఇచ్చే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందుల చికిత్సలో ఉన్నవాళ్ళని "అదీ మత్తే కదా, నువ్వు మానినట్టు కాదు" అనేవాళ్ళు ప్రతి గ్రూపులోనూ తగులుతారు. ఆ మాట విని మందు ఆపేసి చనిపోయే ప్రమాదం నిజంగా ఉంది. డిప్రెషన్ మందుల విషయంలోనూ అదే మాట వినిపిస్తుంది, అదే జవాబు చెప్పాలి.

ఆ తర్వాత 45 నిమిషాలు మొదటి చుట్టు. ఒక్కొక్కరు ఐదు నిమిషాల లోపు, ఈ వారం ఎలా గడిచిందో చెబుతారు. ఎవరూ జవాబు చెప్పరు. "విన్నాం" అని నడిపేవాళ్ళు అని పక్కవాళ్ళ వైపు చూస్తారు, అంతే. కొత్తవాళ్ళకి ఇది మొదట వింతగా ఉంటుంది. నాలుగో మనిషి మాట్లాడేసరికి, తన మాటకి ఎవరూ తీర్పు చెప్పరని అర్థమై భుజాలు కిందికి దిగుతాయి.

తర్వాత 20 నిమిషాలు రెండో చుట్టు. మొదటి చుట్టులో విన్నదాన్ని పట్టుకుని ఎవరైనా స్పందించవచ్చు, కానీ "మీరు" అని మొదలుపెట్టకుండా "నాకు" అని మొదలుపెట్టాలి. గ్రూపు నిలబడేదీ కూలేదీ ఇక్కడే కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన ఇలా అన్నాడనుకోండి: "నిన్న జీతం పడింది. ఇంటికెళ్తూ దారిలో రెండుసార్లు బండి ఆపాను."

"వేరే దారిలో వెళ్ళాల్సింది" అంటే, ఆయనకి ఆ ఆలోచన రాలేదన్నట్టు అవుతుంది. వచ్చే వారం బండి ఆపిన సంగతి చెప్పడు. "పిల్లల మొహం చూసైనా మానాలండీ" అంటే సిగ్గు పెరుగుతుంది, సిగ్గుని మరిచిపోవడానికి ఆయనకి తెలిసిన మందు ఒకటే. "ఏం పర్లేదు, మీరు గట్టివాళ్ళు" అంటే మాట అక్కడితో మూసుకుపోతుంది. ఇవన్నీ మంచి మనసుతో అనేవే. వీటి బదులు ఒక క్షణం ఆగి, "నాకూ జీతం రోజు అలాగే ఉంటుంది. మీరు రెండోసారి ఆపి మళ్ళీ బయలుదేరారు కదా, అప్పుడు ఏమనుకున్నారు?" అని అడిగితే, ఆయన తనని తాను ఎలా ఆపుకున్నాడో తన నోటితోనే చెబుతాడు. అది ఆ గదిలో అందరికీ పనికొచ్చే సంగతి. మానాలన్న కారణం మనం చెబితే వాదన పుడుతుంది, ఎదుటివాళ్ళే చెబితే పట్టు పుడుతుంది. విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ అనే సైకాలజిస్టులు రూపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతిలో ఇదే ముఖ్యమైన సూత్రం.

ఎవరైనా ఏడిస్తే వెంటనే భుజం తట్టొద్దు, నీళ్ళూ టిష్యూలూ చేతిలో కుక్కొద్దు. "ఇక ఆపు" అని చెప్పినట్టు అవుతుంది. టిష్యూ పెట్టె గది మధ్యలో నేల మీద ఉంచితే కావలసినవాళ్ళే తీసుకుంటారు. నిశ్శబ్దం వస్తే రానివ్వండి. పది సెకన్ల నిశ్శబ్దం నడిపేవాళ్ళకి చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మాట్లాడబోయే మనిషికి అది ఊపిరి పీల్చుకునే వ్యవధి.

ఆఖరి పది నిమిషాల్లో ప్రతివాళ్ళూ వచ్చే మీటింగ్ దాకా చేయబోయే ఒక చిన్న పని చెప్పాలి. "బాగుంటాను" అంటే పని కాదు. "జీతం రోజు సాయంత్రం ఆరింటికి ఫలానా వాళ్ళకి ఫోన్ చేస్తాను" అంటే పని. బాగా కదిలిపోయిన మనిషిని ఒంటరిగా ఇంటికి పంపొద్దు.

రెండు మీటింగుల మధ్య

వారంలో గ్రూపు ఉండేది గంటన్నర, మిగతా అంతా బయటే. ఇష్టమైనవాళ్ళు ఫోన్ నంబర్లు మార్చుకోవచ్చు. ప్రతి కొత్త మనిషికీ కనీసం ఇద్దరి నంబర్లు ఉండాలి, ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు. ఇలా ఫోన్‌లో ఒకరికొకరు జతగా ఉండేవాళ్ళు స్త్రీకి స్త్రీ, పురుషుడికి పురుషుడు అనేది పాత పద్ధతి. అసలు సూత్రం ఏమిటంటే ఆకర్షణకి తావు లేని జతలు కట్టడం.

తాగాలన్న తహతహ అలా పెరుగుతూనే పోదు. సాధారణంగా 20, 30 నిమిషాల్లో పైకి లేచి, ఏమీ చేయకపోతే దిగిపోతుంది. ఫోన్ ఎత్తినవాళ్ళ పని ఆ అరగంట దాటించడమే, జీవితం చక్కదిద్దడం కాదు. వరసగా అడగండి: ఎక్కడున్నారు? ఇప్పటికే తాగారా? సీసా గానీ డబ్బు గానీ చేతిలో ఉందా? అక్కడి నుంచి లేచి పది నిమిషాలు నడుస్తూ మాట్లాడగలరా? తర్వాత, ఏమైనా తిన్నారా, నిద్రపోయారా, ఎవరితోనైనా గొడవైందా అని అడగండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఒకటైనా చాలాసార్లు దొరుకుతుంది, దానికి మందు వేరే ఉంది. ఫోన్ పెట్టేసే ముందు "20 నిమిషాల్లో మళ్ళీ చేస్తాను" అని చెప్పి, కచ్చితంగా చేయండి. ఎదుటివాళ్ళు అప్పటికే తాగి ఉంటే ఆ రాత్రి చర్చ వద్దు. క్షేమంగా ఉన్నారో లేదో కనుక్కుని, రేపు పొద్దున్న మాట్లాడదామని చెప్పండి.

వాట్సాప్ గ్రూపు పెడితే దానికి ఎవరికీ అర్థం కాని మామూలు పేరు పెట్టండి. గ్రూపులో ఉన్నవాళ్ళ నంబర్లు అందరికీ కనిపిస్తాయని చేరేముందే చెప్పాలి. వేళా స్థలం, అంతకుమించి అందులో వద్దు. "చచ్చిపోవాలనుంది" అని రాత్రి రెండింటికి ఎవరైనా రాస్తే పొద్దున్న దాకా ఎవరూ చూడకపోవచ్చు. అది అత్యవసరానికి కాదని, హెల్ప్‌లైన్, అంబులెన్స్ నంబర్లతో సహా, గ్రూపు వివరణలోనే రాసి పెట్టండి.

మళ్ళీ తాగినవాళ్ళు తిరిగి వచ్చినప్పుడు

ఇది జరుగుతుంది. గ్రూపు చెడ్డదనీ కాదు, మనిషి చెడ్డవాడనీ కాదు. చేయాల్సింది ఆ మనిషి అదే వారం తిరిగి వచ్చేలా చూడటం. ఒక మీటింగ్ మానేస్తే జత మనిషి ఫోన్ చేయాలి, "ఎందుకు రాలేదు" అని కాదు, "మీ కుర్చీ ఖాళీగా ఉంది, ఎలా ఉన్నారు" అని. తిరిగి వచ్చాక గదిలో అందరి ముందూ సంజాయిషీ అడగొద్దు. మీటింగ్ అయ్యాక ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆ రోజుని పొద్దున్న నుంచి గుర్తుచేసుకోనివ్వండి. సీసా పట్టుకున్న క్షణానికి చాలా ముందే ఒక మలుపు ఉంటుంది: మధ్యాహ్నం తినకపోవడం, పాత స్నేహితుడి ఫోన్ ఎత్తడం, ఇంట్లో ఒక అబద్ధం. వచ్చేసారి ఫోన్ చేయాల్సింది ఆ మలుపు దగ్గర. ఎన్నాళ్ళు తాగారో కూడా అడగండి. వరసగా చాలా రోజులైతే ఆపడంలో పైన చెప్పిన ప్రమాదాలన్నీ మళ్ళీ ఉంటాయి.

మానిన రోజులు లెక్కపెట్టి చప్పట్లు కొట్టడం కొందరికి ఊతం. కానీ 200 రోజుల తర్వాత జారిన మనిషికి సున్నా నుంచి మొదలని చెప్పడం చాలా బరువు, దానికి భయపడే కొందరు తిరిగి రారు. లెక్క ఎవరి ఇష్టానికి వాళ్ళకి వదిలేయండి. జారిన రోజు ఆ 200 రోజుల్ని చెరిపేయదని గట్టిగా చెప్పండి.

జూదం, దుఃఖం, చావు ఆలోచన

జూదంలో ఒంటి మీద గుర్తులుండవు, అందుకే అది అప్పు తేలాకే బయటపడుతుంది. మొదటి వారంలో చేయాల్సినవి: బెట్టింగ్ యాప్‌లు తీసేసి, ఆ ఖాతాలని శాశ్వతంగా మూయించుకోవడం, ఫోన్‌లో జూదం సైట్లని ఆపే సాఫ్ట్‌వేర్ పెట్టించుకోవడం, కొంతకాలం డబ్బు అజమాయిషీ నమ్మకమైన మనిషికి అప్పగించడం, ఎవరికి ఎంత బాకీ ఉందో, దాచినవాటితో సహా, ఒకే కాగితం మీద రాయడం. ఆ కాగితం రాయడమే అన్నిటికన్నా కష్టం, పక్కన ఒకరు కూర్చోండి. ఇంట్లోవాళ్ళు అప్పు మొత్తం ఒకేసారి తీర్చేస్తే చేతులు దులుపుకున్నట్టవుతుంది, మళ్ళీ ఆడే ప్రమాదం పెరుగుతుంది. అప్పులవాళ్ళతో మాట్లాడి వాయిదాలు కట్టుకోవడం నెమ్మదైన దారే అయినా నిలుస్తుంది. గ్రూపులో ఎవరూ అప్పు ఇవ్వకూడదన్న నియమం ముఖ్యంగా ఇక్కడ కాపాడుతుంది. అప్పు తీర్చలేనివాళ్ళు మొహం చెల్లక మీటింగ్ మానేస్తారు.

మనిషిని పోగొట్టుకున్నవాళ్ళ దగ్గర "కాలమే మాన్పుతుంది", "మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకుపోతాడు" లాంటివి వద్దు. పోయినవాళ్ళ పేరు పలకండి. చాలా ఇళ్ళల్లో కొన్నాళ్ళకి ఆ పేరు ఎవరూ ఎత్తరు. పుట్టినరోజూ పోయిన రోజూ రాసి పెట్టుకుని, ఆ వారం ఒక ఫోన్ చేయండి.

చావు మాట వస్తే సూటిగా అడగండి: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, అడిగినందుకు చాలామంది తేలికపడతారు. అవునంటే, ఎలా అనుకుంటున్నారో, అందుకు కావలసింది దగ్గర ఉందో లేదో, ఎప్పుడు అనుకుంటున్నారో కూడా అడగాలి. పద్ధతీ వస్తువూ సిద్ధంగా ఉంటే మనిషిని ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దు, ఆ వస్తువుని దూరం చేయించండి, ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. "ఎవరికీ చెప్పనని మాటివ్వండి" అంటే ఇవ్వొద్దు. నియమాలు చదివేటప్పుడు ఆ మినహాయింపు ముందే చెప్పింది ఇందుకే.

తరచూ వచ్చే చిక్కులు

ఒకరే పావుగంట మాట్లాడతారు. ఆపడం నడిపేవాళ్ళ పని, మొహమాటపడితే మిగతావాళ్ళు రావడం మానేస్తారు. నాలుగు నిమిషాలప్పుడు అందరికీ ఒకేలా చెయ్యెత్తి చూపించే అలవాటు పెట్టుకుంటే ఎవరినీ చిన్నబుచ్చినట్టు కాదు.

గదిలో కొత్తగా ప్రేమలు మొదలవుతాయి. మొదటి ఏడాదిలో ఇది ఇద్దరినీ దెబ్బతీస్తుంది, విడిపోయాక ఒకరో ఇద్దరో మీటింగ్ మానేస్తారు. పాతవాళ్ళు కొత్తవాళ్ళతో అలాంటి సంబంధం పెట్టుకోవడం మాత్రం నిషేధించాల్సిందే. ఆ కొత్త మనిషి అప్పుడు కాదనగల స్థితిలో ఉండరు.

గదిలో మాట బయటికి పొక్కితే ఆ వారమే, దోషి పేరు ఎత్తకుండా, అందరి ముందూ చెప్పండి. ఎవరి సంగతి పొక్కిందో వాళ్ళతో విడిగా మాట్లాడండి. రెండోసారి జరిగితే పొక్కించినవాళ్ళని కొంతకాలం రావొద్దని చెప్పాలి.

హాజరు పుస్తకం పెట్టొద్దు. ఎంతమంది వచ్చారు, ఎంతమంది కొత్తవాళ్ళు, ఈ రెండు అంకెలు చాలు. ఖర్చు గది అద్దెకీ నకళ్ళకీ మించి ఉండదు. అందరూ తోచింది ఒక డబ్బాలో వేస్తారు, ఏమీ వేయనివాళ్ళని ఎవరూ చూడరు. లెక్క నెలకోసారి చదివి వినిపించండి. బయటి నుంచి పెద్ద విరాళం తీసుకోకపోవడమే మంచిది, ఇచ్చినవాళ్ళు ఏదో ఒక రోజు గదిలోకి వచ్చి మాట్లాడతామంటారు. మానినవాళ్ళ ఫోటో అడుగుతారు.

నడిపేవాళ్ళు అలసిపోతారు, తాము కూడా జారవచ్చు. నడిపే పని ఆరు నెలలకోసారి చేతులు మారాలి. కొత్తవాళ్ళు ముందు నెల రోజులు పక్కన కూర్చుని చూసి, ఆ తర్వాత నెల తాము నడుపుతుంటే పాతవాళ్ళు పక్కన ఉండాలి. తాళం చెవులు ఇద్దరి దగ్గర ఉండాలి. నడిపే ముగ్గురూ నెలకోసారి విడిగా ఒక గంట కూర్చుని, ఏ మాట తమని పట్టుకుని వదలడం లేదో ఒకరికొకరు చెప్పుకోవాలి. నడిపే మనిషే మళ్ళీ తాగితే ఆ పని వెంటనే వేరొకరు తీసుకోవాలి, ఆ మనిషి మాత్రం అదే మీటింగ్‌కి మామూలు సభ్యుడిగా రావచ్చు. వరసగా నెల రోజులు పద్నాలుగు మంది దాటి వస్తుంటే రెండు గ్రూపులుగా విడిపొండి. పాత రోజూ పాత వేళా ఒక గ్రూపుకి అలాగే ఉంచి, రెండోదానికి కొత్త రోజు పెట్టండి. అనుభవం ఉన్నవాళ్ళని రెండు వైపులా పంచండి.